పాత కార్డు, కొత్త ఆట



చదువు నిమిత్తం కొన్న కంప్యూటరు మీద పిల్లలు ఆటలాడుకోవడం ఇప్పుడు పల్లెల్లో కూడా మామూలే. కొన్నాళ్లకు పిల్లవాడు వచ్చి, “నాన్నా, కొత్త ఆట ఆగి ఆగి నడుస్తోంది, గ్రాఫిక్స్ కార్డు మార్చాలి” అంటాడు. కొత్త కార్డుకు వేలకు వేలు కావాలి. ఇంట్లో ఉన్న డబ్బు ఫీజుకో ఎరువులకో దాచినది. కాదంటే పిల్లవాడు చిన్నబుచ్చుకుంటాడు, సరేనంటే అప్పు చేయాలి. ఆ మాట తేల్చే ముందు ఖర్చు లేని ఒక ప్రయత్నం ఉంది. దాని పేరు అప్‌స్కేలింగ్. దాన్ని గురించి ఈ నెల తలిదండ్రులకు చెప్పదలచాము.

తెర మీది బొమ్మ చిన్న చిన్న చుక్కల కూర్పు. మామూలు తెరలో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుంటాయి. మొత్తం 20,73,600. ఆట సాఫీగా సాగాలంటే కార్డు ఇలాంటి బొమ్మలను సెకనుకు 60 గీయాలి. పాత కార్డు ఆ బరువు మోయలేక పాతికో ముప్ఫైయో గీస్తుంది. అందుకే ఆట కుంటుతుంది.

అప్‌స్కేలింగ్ పెడితే కార్డు మొదట చిన్న బొమ్మ గీస్తుంది. అడ్డంగా 1,280, నిలువుగా 720, అంటే 9,21,600 చుక్కలు. పని సగానికంటే తగ్గింది. తరువాత ఆ బొమ్మను తెర నిండా పెంచి, అంచులకు పదును పెడుతుంది. లేని చుక్కలను పక్క చుక్కలను బట్టి ఊహించి నింపుతుంది. కొన్ని రకాలు అంతకుముందు గీసిన బొమ్మలను కూడా చూసి నింపుతాయి.

ఎన్విడియా వారి డి.ఎల్.ఎస్.ఎస్. వారి ఆర్.టి.ఎక్స్. కార్డుల మీదనే పనిచేస్తుంది. ఎ.ఎమ్.డి. వారు 2021లో తెచ్చిన ఎఫ్.ఎస్.ఆర్. మొదటి రకం ఇతర కంపెనీల పాత కార్డుల మీద కూడా నడుస్తుంది. ఇంటెల్ వారిది 2022లో వచ్చింది. పాత కార్డున్న ఇళ్లకు ఎక్కువగా అక్కరకు వచ్చేది ఎఫ్.ఎస్.ఆర్. అయితే ఆ ఆటలో దానికి వీలుండాలి. ట్రాక్టరుతో దున్ని, విత్తి, కోత కోసే ఫార్మింగ్ సిమ్యులేటర్ 22 అలాంటి ఆటే.

ఆటలోని గ్రాఫిక్స్ సెట్టింగులు తెరిస్తే ‘క్వాలిటీ’, ‘బ్యాలెన్స్‌డ్’, ‘పెర్ఫార్మెన్స్’ అని ఉంటాయి. మొదట క్వాలిటీ పెట్టండి. పైన చెప్పిన లెక్క దానిదే. పెర్ఫార్మెన్స్‌లో కార్డు గీసేది నాలుగో వంతు చుక్కలే కనుక వేగం ఇంకా పెరుగుతుంది గాని, మామూలు తెర మీద బొమ్మ మసకబారుతుంది. కంచె తీగెల వంటి సన్నని గీతలు మిణుకుమిణుకుమంటాయి.

ఇది అన్ని కంప్యూటర్లకూ మందు కాదు. ఒక పరీక్ష చేయండి. అప్‌స్కేలింగ్ లేకుండానే ఆటలో రిజల్యూషన్ తగ్గించి చూడండి. వేగం పెరిగితే బరువు కార్డు మీద ఉన్నట్టు, అప్‌స్కేలింగ్ ఉపయోగపడుతుంది. పెరగకపోతే లోపం ప్రాసెసరులోనో మెమరీలోనో ఉండవచ్చు. అప్పుడు కొత్త కార్డు కొన్నా ఆ డబ్బు వృథాయే. ఫ్యానులో దుమ్ము పేరుకుందేమో కూడా చూడండి. వేడెక్కిన కార్డు తనంతట తానే నెమ్మదిస్తుంది.

ఈ పరీక్ష పిల్లవానితో కలిసి కూర్చుని చేయమని తండ్రులను కోరుతున్నాము. మనకు తెలియనిది వాడు చెబుతాడు, చెప్పనివ్వండి. గోపురం కట్టదలచినవాడు ముందుగా ఖర్చు చూసుకోవాలని ప్రభువు నేర్పిన సంగతి లూకా సువార్త 14వ అధ్యాయంలో ఉంది. ఆ వాక్యాన్ని వానితోనే చదివించండి. ఊరికే “వద్దు” అన్నప్పుడు నొచ్చుకునే పిల్లవాడు, లెక్క తన కళ్లతో చూసినప్పుడు ఇంటి పరిస్థితిని అర్థం చేసుకుంటాడు. అన్నీ చూసిన తరువాత కార్డు నిజంగా అవసరమని తేలితే, అప్పు చేయక నెలనెలా కొంత దాచండి. వాడు కూడా తన చేతి డబ్బులో కొంత వేయాలి.

ఒక్క మాట తల్లులకు. ఆట సాఫీగా నడిస్తే లేవబుద్ధి కాదు. ఎంతసేపు ఆడాలో ముందే నిర్ణయించండి. కుటుంబ ప్రార్థన వేళకు కంప్యూటరు ఆపివేయించండి.

ఉన్నదానితో తృప్తి కలిగి జీవించే కృపను ప్రభువు మన ఇళ్లకు అనుగ్రహించును గాక. ఆమేన్.