పదం తెలుసు, వ్యాధి తెలియదు

ముప్పై మూడేళ్ళు తెలుగు పండితునిగా పనిచేసినవాణ్ణి. 'మధుమేహం' అన్న మాటకు వ్యుత్పత్తి నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. 'మిహ్' ధాతువుకు తడుపుట, స్రవించుట అని అర్థం. తేనెవలె తియ్యనైన మూత్రం స్రవించే వ్యాధి గనుక మధుమేహం. రోగి మూత్రానికి చీమలు పట్టడాన్ని మన ప్రాచీన వైద్యులు గమనించారని తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో! అటువంటి నేను, ఆ వ్యాధి మా గడపలో నిలిచినప్పుడు పోల్చుకోలేకపోయాను.

మా అమ్మాయి కొడుకు వసతిగృహంలో ఉండి ఇంటర్మీడియట్ చదువుతుండేవాడు. దసరా సెలవులకు వచ్చేసరికి మనిషి సగమయ్యాడు. చెంబెడు నీళ్ళు త్రాగినా దాహం తీరదు. రాత్రి నాలుగైదు మార్లు లేస్తున్నాడు. "చదువు ఒత్తిడి, వేడి చేసింది" అని తీర్పు చెప్పి, నా చేతులతో నేనే గ్లాసు వెంట గ్లాసు చెరకురసం త్రాగించాను. సెలవులైన పదిరోజులకు వాంతులతో, ఎగశ్వాసతో ఆసుపత్రిలో చేర్చారు. చదువువేళ మాటిమాటికీ బయటికి పోతున్నాడని అక్కడివారు మందలించారట. వారిని తప్పుపట్టే అర్హత నాకెక్కడిది?

వాడు బ్రతికి బయటపడ్డాడు. వాడిది మొదటి రకం మధుమేహం. శరీర రక్షణవ్యవస్థే పొరపాటున క్లోమంలోని ఇన్సులిన్ కణాలను నాశనం చేస్తుంది. తీపి తిన్నందువల్ల వచ్చేది కాదు, తీపి మానితే పోయేదీ కాదు. జీవితాంతం ఇన్సులిన్ తీసుకోవలసిందే. 1921లో టొరంటోలో బాంటింగ్ బృందం ఇన్సులిన్‌ను కనుగొని, 1922 జనవరిలో పద్నాలుగేళ్ళ బాలునికి ఇచ్చేవరకు, ఈ వ్యాధి సోకిన పిల్లలకు మరణమే శరణ్యం. నేడు మందు ఉన్నది. అయినా మావాడు తోటివారు నవ్వుతారని స్నానాలగదిలో దాగి సూది వేసుకునేవాడు. మందు కనిపెట్టి నూరేళ్ళు దాటినా మన అజ్ఞానం పిల్లవాణ్ణి చాటుకు నెట్టింది.

ఇక రెండో రకం. పెద్దల వ్యాధి అనుకున్నది ఇప్పుడు యువకులలోనూ కనబడుతున్నది. దేశంలో పదికోట్లమందికి పైగా మధుమేహులు, పదమూడు కోట్లమందికి పైగా దాని ముంగిట ఉన్నవారు అని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వెల్లడించింది. సుఖంగా కూర్చోవడం, అతిగా నిద్రించడం, బెల్లపు వంటకాలు ప్రమేహానికి కారణాలని చరకసంహిత చెబుతుంది. మన కళాశాలల విద్యార్థులకు నిద్ర సుఖం లేదు గాని, కూర్చోవడం మాత్రం తెల్లవారుజాము నుండి రాత్రివరకూ ఉన్నది. ఆటస్థలం లేదు. దాహానికి శీతలపానీయం ఉన్నది. నూరు మిల్లీలీటర్లకు దాదాపు పదిగ్రాముల పంచదార అందులో ఉండడం మామూలు.

నవంబరు 14 బాలల దినోత్సవం. బాంటింగ్ జన్మదినమైనందున ప్రపంచ మధుమేహ దినోత్సవం కూడా. ఆనాడు బ్యానరు పట్టుకొని వీధిలో నడిపిస్తే సరిపోదని నా అభిప్రాయం. ప్రతి కళాశాలలో ఏడాదికొక్క గంట చాలు. అతిదాహం, అతిమూత్రం, కారణం లేకుండా చిక్కిపోవడం, తీరని నీరసం కనిపిస్తే ఆనాడే రక్తపరీక్ష చేయించాలని చెప్పండి. ఇన్సులిన్ తీసుకునే మిత్రునికి చెమటలు పట్టి, వణుకు పుడితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి త్రాగించాలనీ, స్పృహ తప్పితే నోట ఏమీ పోయక వైద్యుని వద్దకు చేర్చాలనీ నేర్పండి. రోజుకొక గంట ఆట పెట్టండి. ర్యాంకులు దానివల్ల తరిగిపోవు.

మా మనుమడు ఇప్పుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. మిత్రుల ఎదుటే సూది వేసుకుంటున్నాడు. మొన్న నాకు రక్తపరీక్ష యంత్రం వాడడం నేర్పాడు. గురువు వాడు, శిష్యుణ్ణి నేను. విగ్రహవాక్యం చెప్పడం వచ్చిన ఈ పండితునికి అసలు పాఠం డెబ్బైకి దగ్గర పడ్డాక అబ్బింది. మీ ఇంటి పిల్లల విషయంలో అంత ఆలస్యం కానీయకండి.