బడి తలుపు దగ్గర కాగితం

మొన్న జుమా నమాజు తర్వాత సింగరాయకొండలో ఒక తండ్రి వాపోయాడు. ‘మౌల్వీ సాబ్, మావాడికి వినపడదు. మా బళ్లో కుదరదు, వేరే బడికి తీసుకుపొమ్మన్నారు. అల్లాహ్ రాసింది ఇంతే.’

వినపడకపోవడం అల్లాహ్ నిర్ణయం. బడిలో చోటు లేదన్నది మాత్రం మనిషి మాట. 2016 వికలాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యమున్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కు. దగ్గరి బడిలోనా, ప్రత్యేక పాఠశాలలోనా అన్నది పిల్లల ఇష్టం, బడివారిది కాదు. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు 17వ సెక్షన్‌లో ఉన్నాయి. ఇంట్లో ఉర్దూ, బళ్లో తెలుగు, ఆపై హిందీ, ఇంగ్లీషు మోసే మన పిల్లలకు ఈ చివరిది చిన్న విషయం కాదు.

మనవాళ్లు నోటిమాటతో అడిగి తిరిగొస్తారు. మిరపకాయ కోతలకు వెళ్లే తల్లి ఒకరోజు కూలి పోగొట్టుకుని బడికి వెళ్తుంది. రేపు రమ్మంటారు. మళ్లీ వెళ్లదు. అందుకే దరఖాస్తు కాగితం మీద ఇవ్వండి, వైకల్య ధ్రువపత్రం నకలు జతచేయండి, రెండో ప్రతిపై తేదీతో ముద్ర వేయించుకోండి. అయినా కాదంటే ఒంగోలులో జిల్లా విద్యాశాఖ కార్యాలయం ఉంది. ఈ పిల్లల ప్రవేశాలు చూసేందుకు అక్కడ నోడల్ అధికారి ఉండాలని 2017 నిబంధనలు చెబుతున్నాయి.

అంధుడైన హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) నేర్చుకోవాలని వచ్చినప్పుడు దైవప్రవక్త (స) ఖురైష్ పెద్దలతో మాట్లాడుతూ ఆయన వైపు దృష్టి పెట్టలేదు. దాని మీదే అబస సూరా అవతరించింది. ఆయనే తరువాత మదీనాలో ముఅజ్జిన్ అయ్యారు. మన మక్తబ్‌లలో ఇలాంటి పిల్లలు ఎందరున్నారు? బడివారిని అడిగే ముందు ఇదీ చూసుకోవాలి.

దరఖాస్తు నేను రాసిస్తాను భాయ్ అన్నాను. సంతకం రాదన్నాడు ఆ తండ్రి. వేలిముద్ర చాలన్నాను.