సొంత పేరుకే అద్దె కట్టాలా?

ఉంగుటూరు: వేసవి వస్తే చాలు, నూజివీడు, ఉంగుటూరు వైపు తోటల నుంచి బంగినపల్లి, రసాలు పెట్టెలకెక్కి ఊళ్లు దాటతాయి. ఒకప్పుడు కాయ నున్న మార్కెట్‌కు చేరితే రైతు పని అయిపోయేది. ఇప్పుడు సొంతంగా ఒక పేరు పెట్టుకుని, ఫోన్ మీదే ఆర్డర్లు తీసుకుని హైదరాబాద్ ఇళ్లకు పంపేవాళ్లున్నారు. వాళ్ల ముందున్న ప్రశ్న: గూగుల్‌కు డబ్బు కట్టి పైన కనిపించాలా, వద్దా?

ఎవరైనా ‘నూజివీడు మామిడి’ అని వెతికిన క్షణంలోనే ఆ మాట మీద వేలం జరుగుతుంది. పాటతో పాటు ప్రకటన నాణ్యతనూ గూగుల్ చూస్తుంది. చూసిన మనిషి కొన్నా, కొనకపోయినా క్లిక్‌కు డబ్బు పడుతుంది. దానిమీద 18 శాతం జీఎస్టీ. తాజా పండ్లకు జీఎస్టీ లేదు కాబట్టి ఆ పన్నును సర్దుబాటు చేసుకునే దారీ లేదు.

లెక్క వేసి చూద్దాం. క్లిక్‌కు 8 రూపాయలు అనుకుంటే 100 క్లిక్‌లకు పన్నుతో కలిపి 944. నలుగురు కొన్నారంటే పెట్టెకు 236 రూపాయల ఖర్చు. పెట్టె మీద మిగిలేది 200 అయితే అమ్మినకొద్దీ నష్టమే. ఆ నలుగురూ వచ్చే ఏడాది నేరుగా ఫోన్ చేస్తేనే ఈ ఖర్చు పెట్టుబడి అవుతుంది.

మరి సొంత బ్రాండ్ పేరు కొనడం? 2012లో ఈబే యాహూ, ఎంఎస్ఎన్‌లలో తన పేరు మీది ప్రకటనలు ఆపి చూసింది. పోయాయనుకున్న క్లిక్‌లలో 99.5 శాతం ఉచిత ఫలితాల దారినే వచ్చాయి. ఎలాగూ రాబోయే కొనుగోలుదారుడి కోసం డబ్బు పోసినట్టు తేలింది. కొత్తవాళ్ల మీద మాత్రం సాధారణ మాటల ప్రకటనలు కొంత పనిచేశాయి.

అయితే పక్కవాడు ఆ పేరు కొంటే? అగర్వాల్ ప్యాకర్స్ కేసులో 2023 ఆగస్టు 10న ఢిల్లీ హైకోర్టు చెప్పింది ఇదే: ట్రేడ్‌మార్క్‌ను కీవర్డ్‌గా వాడినంత మాత్రాన తప్పు కాదు, కొనేవాళ్లను తికమక పెడితే తప్పు. గూగుల్ కేవలం ప్రేక్షకుడు కాదనీ అంది. కానీ ‘నూజివీడు’ ఊరి పేరు. ఆ మాట ఒక్కరి సొంతం కాదు, ఎవరైనా పాడొచ్చు.

కాబట్టి చిన్న వ్యాపారి ముందు తన పేరు తనే వెతికి చూసుకోవాలి. పైన పోటీదారు లేకపోతే ఆ పేరుకు రూపాయి కూడా అక్కర్లేదు. ప్రకటన ఇస్తే సీజన్‌లోనే, సరుకు పంపగలిగే ఊళ్లకే ఇవ్వాలి. ‘మామిడి మొక్కలు’ లాంటి వెతుకులాటలను పక్కన పెట్టించాలి. గూగుల్ మ్యాప్‌లో దుకాణం పేరు పెట్టడం ఉచితం. ప్రతి పెట్టెలో ఫోన్ నంబరు చీటీ వేయడానికి అయ్యేది పైసలే. కాయ తీపి నచ్చినవాడు మళ్లీ గూగుల్‌ను అడగడు, ఆ నంబరుకే ఫోన్ చేస్తాడు.