వంటయింటిని కట్టకమునుపే చూచుకొనుట



క్రొత్తగా ఇల్లు కట్టించుకొనబోవు వారికి మేము ముందుగా చెప్పవలసిన మాట యొకటి కలదు. ఇంటనున్న గదులన్నింటిలో వంటయింటియందు హెచ్చుకాలము నిలుచునది ఇల్లాలు. కాని ఆ వంటగట్టు ఎంత యెత్తుండవలెనో, గోడ అలమార ఎంత లోతుండవలెనో నిర్ణయించునది తఱచుగా తాపీమేస్త్రియు, వడ్రంగియు. గోడ లేచిన పిమ్మట మనము నోరు విప్పినచో “ఈ మాట ముందే చెప్పరాదా?” యందురు. ఆ తరువాత ఇరువది యేండ్లు వంగి వంగి నడుమునొప్పి తెచ్చుకొనుట మన వంతగును.

ఈ చిక్కు తప్పించుకొనుటకు నేడు చక్కని యుపాయము కలదు. ఇటుక పేర్చకమునుపే ఇంటిని కంప్యూటరునందు నమూనాగా కట్టి, నలువైపులనుండియు చూచి, లోపములు దిద్దుకొని, ఆపైని కొలతలు మేస్త్రికి ఇయ్యవచ్చును. ఇందులకు పనికివచ్చు సాధనములు పెక్కు గలవు గాని, రుసుము లేకుండ లభించునట్టి బ్లెండరును గూర్చి యిపుడు చెప్పెదము. దీనిని మొదట సిద్ధపఱచినవాడు నెదర్లాండ్సు దేశీయుడగు టోన్ రోసెండాల్. దీనిని నడుపుచుండిన సంస్థ మూతపడగా, 2002వ సంవత్సరమున దేశదేశముల ప్రజలు చందాలు వేసికొని, లక్ష యూరోలు కూర్చి, దీనిని అందఱి సొత్తుగా విడిపించుకొనిరి. 2025లో ఆస్కారు బహుమానమందిన ‘ఫ్లో’ యను బొమ్మల చలనచిత్రము దీనితోడనే చేయబడినది.

అయినను దీనియెదుట క్రొత్తగా కూర్చున్న సోదరీమణులు పెక్కండ్రు మొదటి దినముననే విసిగి లేచిపోవుచున్నారు. కట్టిన గోడ కనబడకుండ పోవుట, ఇల్లు తలక్రిందులుగా తోచుట, జరిపిన వస్తువు ఎక్కడికో పోవుట వారి ఫిర్యాదులు. వీనికన్నిటికిని మూలమొక్కటే. వస్తువు ఉండు చోటు వేఱు, మనము చూచు చోటు వేఱు. ఈ రెండింటిని విడదీసి గ్రహించినచో తక్కిన పని సులభము.

ఉండు చోటు

ముగ్గు పెట్టునపుడు “మూడవ వరుసలో అయిదవ చుక్క” యని చెల్లెలితో చెప్పుదుము గదా? ఏ మూలనుండి లెక్కింపవలెనో ముందుగా ఒప్పుకొనియుండుట చేతనే ఆమె సరియైన చుక్కపై వ్రేలుంచుచున్నది. ఈ పద్ధతినే గణితమున నెలకొల్పి, చోటునకు అంకెలతో పేరు పెట్టవచ్చునని చూపిన వారిలో ముఖ్యుడు ఫ్రెంచి పండితుడు డెకార్టు. ఆయన గ్రంథము 1637లో వెలువడినది. లెక్క మొదలగు చుక్కను మూలబిందువందురు. ముగ్గునకు రెండంకెలు చాలును. ఇంటికి ఎత్తు కూడ కావలెను గనుక మూడంకెలు.

బ్లెండరు తెరపై నేల గళ్ళుగళ్ళుగా కనబడును. దానిపై ఎఱ్ఱగీత ఎక్స్ అక్షము, పచ్చగీత వై అక్షము. నిలువుగా పైకి పోవునది జెడ్, దానికి నీలిరంగు. మేము ఎక్స్‌ను తూర్పుగాను, వైని ఉత్తరముగాను, జెడ్‌ను ఆకాశముగాను పెట్టుకొందుము. దిక్కులు తెలిసిన యింట పెరిగినవారికి ఇంతకంటె సులువైన గుర్తు లేదు.

ఉదాహరణమునకు, తూర్పు పడమరలుగా పదియడుగులు, ఉత్తర దక్షిణములుగా ఎనిమిదడుగులు గల వంటయిల్లు తీసికొందము. అడుగనగా 30.48 సెంటీమీటర్లు గావున, గది 3.05 మీటర్లు, 2.44 మీటర్లు. నైరృతి మూలయందలి నేలను మూలబిందువుగా నుంచుడు. తూర్పు గోడ పొడవునను రెండడుగుల వెడల్పున గట్టు కట్టవలెను. ఎత్తు 33 అంగుళములు. అనగా గట్టు పరిమాణము 0.61, 2.44, 0.84 మీటర్లు.

ఇక దాని చోటు. ఇచట తొట్రుపాటు కలుగును. క్రొత్తగా తెచ్చిన దిమ్మకు చోటు చెప్పునపుడు ఈ సాధనము దాని నడిబొడ్డును లెక్కించును గాని అడుగును గాదు. మొట్టమొదట తెరపై కనబడు దిమ్మ రెండు మీటర్ల యెత్తుదైనను, దాని సగము నేలక్రింద నుండుటకు కారణమిదియే. కావున మన గట్టు నడిబొడ్డు తూర్పునకు 2.745, ఉత్తరమునకు 1.22, ఎత్తు 0.42 మీటర్లయందు ఉండవలెను. గట్టును ఎన్నుకొని, తెరపై బాణమును బొమ్మమీద నుంచి, ఎన్ అక్షరపు మీట నొక్కినచో ప్రక్కన నొక పట్టీ తెఱచుకొనును. అందు లొకేషన్ అనుచోట స్థానమును, డైమెన్షన్స్ అనుచోట పరిమాణమును వ్రాయుడు. అంగుళములు మీటర్లు కలిపివేయకుడు. 33 అని మాత్రము వ్రాసినచో వంటయింట 33 మీటర్ల గోపురము లేచును!

మఱియొక భేదము. మంచమును మూలగా వేసినపుడు “తూర్పునకు జరుపుము” అనుట యొకటి, “తలవైపునకు జరుపుము” అనుట మఱియొకటి. మొదటిది ఇంటి దిక్కు, రెండవది మంచముయొక్క సొంత దిక్కు. బ్లెండరునందు జి మీట నొక్కి, ఎక్స్ ఒకమాఱు నొక్కినచో వస్తువు ఇంటి తూర్పు పడమరలుగా జరుగును. ఎక్స్ రెండుమాఱులు నొక్కినచో తన సొంత దిక్కున జరుగును. ఏటవాలుగా పెట్టిన బల్ల గోడలోనికి దూసికొనిపోవుట ఈ భేదము మఱచినందువలననే.

చూచు చోటు

చూపును మార్చుటకు మూడు కదలికలు చాలును. మౌసు నడిమి చక్రమును నొక్కిపట్టి కదిపినచో మనము ఇంటిచుట్టును ప్రదక్షిణము చేసినట్లగును. షిఫ్టు మీటతో గూడ ఆ చక్రమును నొక్కి కదిపినచో ప్రక్కకు నడచినట్లగును. చక్రమును త్రిప్పినచో దగ్గఱకో దూరమునకో పోయినట్లగును. ఈ మూడింటివలన ఇంటిలో చెంబైనను కదలదు. కదలునది మన చూపు మాత్రమే. వస్తువులను నిజముగా కదల్చునవి జి, త్రిప్పునది ఆర్, పెంచి తగ్గించునది ఎస్. పొరపాటున వీనిని నొక్కినచో కంట్రోలు మీటతో జెడ్ నొక్కుడు. జరిగినది వెనుకకు పోవును.

మీటల పలకకు కుడివైపున అంకెల మీటలుండును. వానిలో 7 నొక్కినచో ఇంటిని పైనుండి చూతుము; 1 నొక్కినచో దక్షిణమునుండి ఉత్తరముగా చూతుము; 3 నొక్కినచో తూర్పునుండి పడమరగా చూతుము. కంట్రోలు మీట చేర్చినచో ఎదుటివైపు చూపు వచ్చును. అంకెల మీటలు లేని కంప్యూటరైనచో, తెర కుడివైపు పై మూలనున్న రంగుల గుండ్లమీద నొక్కినను ఇదే ఫలము.

5 అను మీట విలువ ప్రత్యేకముగా చెప్పదగినది. మన కంటికి దూరపు వస్తువు చిన్నదిగా తోచును. ఈ కంటిచూపు అందమునకు మంచిది గాని కొలతకు పనికిరాదు. రెండవది కొలతచూపు. అందు దూరమైనను దగ్గఱైనను వస్తువు ఒకే పరిమాణమున కనబడును. 5 నొక్కిన ప్రతిమాఱును ఈ చూపులు మాఱుచుండును.

అంతయు మాయమై తెర శూన్యముగా నున్నచో భయపడనక్కఱలేదు. హోమ్ మీట నొక్కినచో ఉన్నవన్నియు కనబడును. ఒక వస్తువునే చూడగోరినచో దానిని ఎన్నుకొని, అంకెల మీటలలోని చుక్కను నొక్కుడు.

మా యింట జరిగినది

ఇంత నొక్కి చెప్పుటకు కారణము మా సొంత అనుభవమే. మా వంటయింటి గట్టుపైని గోడ అలమార కావలసివచ్చినది. గట్టునకే ప్రతి తీసి, పైకి జరిపి, ఎత్తు సరిచేసి, పడమటినుండి తూర్పు గోడవైపు కొలతచూపుతో చూచితిమి. గీచినట్లు అమరియున్నది. సంతోషించి పట్టీలోని కొలతలు వ్రాసి వడ్రంగికిచ్చితిమి.

అలమార బిగించిన మఱునాడే మా అత్తగారు పొయ్యిమీది పప్పు కలుపుటకు వంగి నుదుట బొప్పి కట్టించుకొనిరి. మేమును ఆ వారము రెండుమాఱులు తల కొట్టుకొంటిమి. కొలిచి చూడగా అలమార లోతు రెండడుగులు! గట్టునకు ప్రతి తీసినపుడు దాని వెడల్పే అలమారకు లోతుగా వచ్చినది. ఒకయడుగునకు తగ్గించుట మఱచితిమి. ఎదుటనుండి చూచిన చూపులో లోతు కనబడదు. 7 అను మీట ఒక్కమాఱు నొక్కియున్నచో అలమార అంచు గట్టు అంచుతో సమముగా ముందుకు వచ్చియుండుట కనబడియుండెడిది. వడ్రంగి మా పట్టీప్రకారమే చేసెను. అతని తప్పేమియు లేదు. మరల విప్పి కోయించుటకు కూలియు, చెక్కయు దండుగయైనవి. అత్తగారు ఒక్కమాటయు అనలేదు. అదియే మాకెక్కువ కష్టముగా నుండినది.

నాటినుండి మా యింట నొక నియమము పెట్టుకొంటిమి. ఏ వస్తువునైనను పైనుండి, ఎదుటినుండి, ప్రక్కనుండి మూడు చూపులతో చూడనిదే కొలత బయటికి పోరాదు. ఒక చూపు రెండు కొలతలనే చెప్పును. మూడవది దాని వెనుక దాగియుండును.

ఈ నెల అభ్యాసము

మీ యింట వంట చేయువారిని నిలువబెట్టి, మోచేయి మడిచి, నేలనుండి మోచేతివఱకు ఎత్తు కొలువుడు. దానికి నాలుగైదు అంగుళములు తక్కువగా గట్టుండుట సుఖమని చెప్పుదురు. ఇప్పటి మీ గట్టు ఎత్తుతో పోల్చి చూడుడు. పిదప పైన చెప్పిన రీతిగా నైరృతి మూలనుండి లెక్క మొదలుపెట్టి మీ వంటయింటిని కట్టి, మూడు చూపులతో పరీక్షింపుడు. ఇద్దఱు వండుచున్నచో ఇద్దఱి కొలతలును తీసికొనుడు. ఇల్లు కట్టించు ఆలోచన లేనివారు సయితము ఇది చేయవచ్చును. ఒక చెక్క అలమార చేయించునాడైనను అక్కఱకు వచ్చును.

మేస్త్రి యెదుట “కొంచెము ఎత్తుగా నుండవలెను” అని నసుగుటకును, “నేలనుండి ఇన్ని అంగుళములు” అని కాగితము చేతికిచ్చుటకును చాల భేదము కలదు. రెండవ మాటను ఎవరును త్రోసివేయజాలరు. కొలత చేతనున్న యిల్లాలి మాట గోడ లేవకమునుపే చెల్లును.