విశ్రాంత కార్మికునికి నీడ ఎక్కడ?

ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ పరిసరములందు సాయంకాలము వేళ టీ దుకాణముల ముందు కూర్చుండి తెలుగులో ముచ్చటించుకొను వృద్ధులను ఆ పట్టణమునకు వెళ్ళిన మన సోదరులు ఎరుగుదురు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతముల నుండి బెంగాల్ నాగపూర్ రైల్వే పనులకు వలస వచ్చిన కుటుంబములలో మూడవ, నాలుగవ తరము వారు వీరు. వి.వి. గిరి గారు నాయకులలో ఒకరుగా నడిపిన 1927 నాటి సమ్మెలో వీరి తాతలు నిలిచినారు. ఆ తాతలకు పని గంటలు, కూలి రేట్లు సమస్య. నేడు ఈ మనుమలను వేధించుచున్న సమస్య వేరు: రేపు ఎక్కడ ఉండవలెను?

మాతో మాట్లాడిన ఒక విశ్రాంత ఫిట్టరు గారు రైల్వే క్వార్టరులోనే పుట్టినారు. తండ్రి ఖలాసీ. తానును 36 సంవత్సరములు వర్క్‌షాపులో పనిచేసి అరువదవ యేట విరమించినారు. ఆనాటికి ఆయన పేర ఒక గది కూడ లేదు. ఆయన దుబారా మనిషి కాదు. ఇద్దరు చెల్లెండ్ర పెండ్లిండ్లు, పిల్లల చదువులు ఆ జీతముతోనే జరిగినవి.

విరమించినవారు నాలుగు నెలలు మామూలు అద్దెపైనను, మరి నాలుగు నెలలు రెట్టింపు అద్దెపైనను క్వార్టరులో ఉండుటకు నిబంధనలు అవకాశమిచ్చుచున్నవి. అటుపై దండన అద్దె, గ్రాట్యుయిటీ నిలుపుదల. మేము ఈ నిబంధనను తప్పుపట్టుటలేదు. యువ కార్మికుడు భార్యాబిడ్డలతో క్వార్టరు కొరకు వేచియుండగా విరమించినవారు దానిని పట్టుకొని కూర్చుండుట న్యాయము కాదు. కాని ఎనిమిది నెలల తరువాత ఏమి అను ప్రశ్నకు ఏ సర్క్యులరులోను సమాధానము లేదు.

లెక్క చూడుడు. క్వార్టరులో ఉన్నవారికి ఇంటి అద్దె భత్యము లేదు. ఖరగ్‌పూర్ వంటి ‘జెడ్’ తరగతి పట్టణములలో ఆ భత్యము 2024 జనవరి నుండి మూల వేతనములో 10 శాతము. 45,000 రూపాయల మూల వేతనము గలవాడు నెలకు 4,500 రూపాయలు వదలుకొన్నట్లే. విరమించగానే పాత పద్ధతిలో పింఛను 22,500. అందులో 40 శాతము కమ్యూట్ చేసినచో (చేయనివారు ఎందరు?) 15 సంవత్సరముల వరకు మిగులునది 13,500 రూపాయలును, కరువు భత్యమును మాత్రమే. సర్వీసులో ఉండగా వదలుకొన్న అద్దె భత్యము పింఛనులో ఎక్కడను కనబడదు. ఇక 2004 జనవరి 1 తరువాత చేరినవారి భయమును 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఏకీకృత పింఛను పథకము కూడ పూర్తిగా తీర్చలేదు.

ఇంటి నిర్మాణ అడ్వాన్సు ఉన్నదిగదా అందురు. 2017 నిబంధనల ప్రకారము 34 నెలల మూల వేతనము లేదా 25 లక్షలు, ఏది తక్కువయితే అది. పై కార్మికునికి 15 లక్షల 30 వేలు. ఆ సొమ్ముతో స్థలము కొని ఇల్లు కట్టుకొనుట ఎట్లో చెప్పువారు చెప్పవలెను. 1989లో ఏర్పడిన ఇండియన్ రైల్వే వెల్ఫేర్ ఆర్గనైజేషన్ ఇండ్లు కట్టించుచున్నది. కాని అవి కొనగలవారికి.

స్వగ్రామమునకు పోవుదమన్న, అక్కడి ఇంటిలో వాటా ఎన్నడో పోయినది. కుమారుడు హైదరాబాదులో రెండు గదుల అద్దె ఇంటిలో ఉన్నాడు. కావున మన ఫిట్టరు గారు పూరీ గేట్ సమీపమున మేడమీద ఒక గది అద్దెకు తీసుకొన్నారు. క్రింది గదుల అద్దె ఆయనకు అందలేదు. మోకాళ్ళ నొప్పులతో ఆ మెట్లు దిగి, టోటో ఎక్కి రైల్వే ఆసుపత్రికి పోవలెను. ఒకనాడు మెట్లపై జారి తుంటి విరిగినది. ఆసుపత్రి నుండి పంపివేయునాడు మరల ఆ మెట్లు ఎక్కుట అసాధ్యమని తేలినది. కుమారుడు విశాఖలో వృద్ధాశ్రమము వెదకినాడు. ఆ ఆశ్రమపు రుసుము ఆయన క్రింది గదికి ఇవ్వవలసిన అద్దెకంటె ఎంతయో ఎక్కువ!

పిల్లలు తల్లిదండ్రులను చూచుటలేదని ఉపన్యసించుట తేలిక. ఇచట కొడుకును నిందించి ప్రయోజనము లేదు. నేలమట్టున ఒక గది, పట్టుకొనుటకు ఒక కమ్మీ, సమీపమున వైద్యము ఉన్నయెడల ఆ మనిషి తన భాష మాటలాడు మిత్రుల మధ్యనే ఉండెడివాడు. ఆసుపత్రికి రెండున్నర కిలోమీటర్ల ఆవల ఉన్న రైల్వే పింఛనుదారులకు 2017 జూలై నుండి నెలకు 1,000 రూపాయల వైద్య భత్యము ఉన్నది. దూరము భారమని ప్రభుత్వమే అంగీకరించినట్లు కాదా? దగ్గర ఇల్లు చూపుట మాత్రము దాని పని కాదట.

2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టము జిల్లాకు కనీసము 150 మంది పట్టు ఒక వృద్ధాశ్రమమును గూర్చి చెప్పినది. దిక్కులేనివారికి అది అవసరమే. అయితే డెన్మార్కు 1987లోనే చట్టము చేసి, పాత పద్ధతి ఆశ్రమములు కట్టుట మాని, వృద్ధులకు అనువైన చిన్న ఇండ్లు, ఇంటికే వచ్చి చేయు సేవల వైపు మరలినది. ఇంగ్లండులో నార్త్ ఈస్టర్న్ రైల్వేవారు యుద్ధమున మరణించిన సహచరుల స్మారకముగా 1919లో ఒక నిధిని స్థాపించి, విరమించిన రైల్వేవారికి కాటేజీలు నిర్మింప మొదలిడిరి. స్మారకమనగా రాతి స్తంభమే కానక్కరలేదని వారికి తోచినది.

మన రైల్వేకు భూమి కరువు లేదు. 2005లో రైల్వే చట్టమును సవరించి, రైల్వే భూములను అభివృద్ధి సంస్థ ద్వారా బిల్డర్లకు లీజుకిచ్చు మార్గము తెరచినారు. అట్టి ప్రతి ఒప్పందములోను ఆసుపత్రికి దగ్గరగా, నేలమట్టున, ఒక గది వంటిల్లు గల ఇండ్లను విశ్రాంత ఉద్యోగులకు, వారి వితంతువులకు జీవితకాలపు అద్దెకు కేటాయించవలెనని మేము కోరుచున్నాము. అమ్మకము వద్దు, వారసత్వము వద్దు. నివాసయోగ్యము కాదని వ్రాసి కూల్చు పాత క్వార్టర్లలో మరమ్మతుకు లొంగునవి ముందు ఇందుకు ఉపయోగించవలెను. అద్దె పింఛనులో పదవ వంతుకు మించరాదు.

తపాలా సోదరులకు మాత్రము క్వార్టర్లే కొద్ది. గ్రామీణ డాక్ సేవకులకు చట్టబద్ధమైన పింఛనే లేదు. వారిని విడిచి ఈ కోర్కె అడుగుట సంఘమునకు తగదు. పైగా నవంబరులో జీవిత ధ్రువపత్రము కొరకు ముసలివారి గుమ్మము తొక్కునది పోస్టుమనే. తలుపు తీయుటకు ఎవరు లేవలేకున్నారో అతనికి తెలిసినట్లు మరి ఏ శాఖకును తెలియదు.

మన తప్పును కూడ చెప్పుకొనవలెను. క్వార్టర్ల పైకప్పులు, మరుగుదొడ్లను గూర్చి ఏటేట తీర్మానించితిమి. విరమించినవాని పేరును ఆ నెలనే సభ్యత్వపు రిజిస్టరులో కొట్టివేసితిమి. ఎక్కడికి పోయినాడని అడిగినవారము కాము.

రానున్న రెండు సంవత్సరములలో విరమించనున్నవారిలో సొంత ఇల్లు లేనివారి జాబితాను ప్రతి బ్రాంచి కార్యదర్శి తయారుచేయవలెను. మేడమీద గదులలో ఒంటరిగా ఉన్న పింఛనుదారుల వివరములను పోస్టుమన్ సోదరులు, వారి సమ్మతితో, దానికి జతపరచవలెను. ఆ జాబితాలు వచ్చే కార్యవర్గ సమావేశమునకు ముందుగా కేంద్ర కార్యాలయమునకు చేరవలెను.