ఆ తల్లిని దేవతను చేయకండి

వైకల్యం ఉన్న బిడ్డను పెంచుతున్న తల్లిని మనవాళ్లు రెండు రకాలుగా పలకరిస్తారు. 'ఏ జన్మలో ఏం పాపం చేశావో' అనేది మొదటి రకం. 'నువ్వు దేవతవమ్మా, అందుకే దేవుడు ఈ బిడ్డను నీ చేతిలో పెట్టాడు' అనేది రెండోది. రెండో మాట వినడానికి బాగానే ఉంటుంది. కానీ పాపమైనా వరమైనా మోయాల్సింది నువ్వే అని తేల్చేసి, చెప్పినవాళ్లు కాఫీ తాగి వెళ్లిపోతారు.

తమిళనాడులో కోవిల్‌పట్టి, విరుదునగర్ పరిసరాల్లో తెలుగు ఇళ్లకు కొదవ లేదు. తెలుగు నేల విడిచి ఆ నల్లరేగడికి చేరిన మనవాళ్ల కథ రాసి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న కి. రాజనారాయణన్ ఊరు ఇడైసెవల్, కోవిల్‌పట్టి పక్కనే. అక్కడ వాన పడితేనే పంట. లేదంటే అగ్గిపెట్టెల పని, శివకాశి వైపు బాణాసంచా పని. బిడ్డ దగ్గర కూర్చుంటే ఆ పూట కూలి పోతుంది. పనికెళ్తే బిడ్డకు అన్నం తినిపించే మనిషి ఉండదు. ఆ తల్లికి ఆశ గురించి చెప్పదలచినవాళ్లు ముందు ఈ లెక్క చూడాలి.

నింద సంగతి కూడా తేల్చుకోవాలి. ఆ ఇళ్లలో మేనరికం పాత ఆనవాయితీ. దానివల్ల కొన్ని జన్యు వ్యాధుల ముప్పు పెరుగుతుంది, నిజమే. రేపటి పెళ్లిళ్లు కుదిర్చేటప్పుడు పెద్దలకు ఆ మాట గట్టిగా చెప్పాల్సిందే. అయితే ప్రతి వైకల్యానికీ అదే కారణం కాదు. నెలలు నిండకుండా పుట్టడం, కాన్పు వేళ మెదడుకు ప్రాణవాయువు అందకపోవడం, పసికందుకు కామెర్లు ముదరడం వంటివి సెరిబ్రల్ పాల్సీకి దారితీస్తాయి. డుషెన్ కండరాల క్షీణతలో దాదాపు మూడో వంతు పిల్లల విషయంలో తల్లికి ఆ జన్యులోపమే ఉండదు. గ్రహణంనాడు కడుపుతో బయటికెళ్లిందన్న ఆరోపణకైతే జవాబు చెప్పడమే దండగ. అయినా నాకు తెలియక అడుగుతాను, మేనరికంలో ఇద్దరిదీ ఒకే రక్తం కదా, మాట పడేది కోడలొక్కతేనా?

ఆశ ఎలా పుడుతుందో చూడాలంటే అక్కడికి పడమరగా, కుర్తాళం దగ్గరి ఆయికుడికి వెళ్లాలి. ఎస్. రామకృష్ణన్ ఇంజినీరింగ్ చదువుతూ 1975లో బెంగళూరులో నౌకాదళ ఎంపిక పరీక్షలకు వెళ్లారు. అక్కడ జరిగిన ప్రమాదంలో మెడ కింది శరీరం చచ్చుబడింది. 1981లో సొంత ఊళ్లోనే వికలాంగుల కోసం అమర్ సేవా సంఘం మొదలుపెట్టారు. తర్వాత కండరాల క్షీణత ఉన్న చార్టర్డ్ అకౌంటెంట్ ఎస్. శంకర రామన్ ఆయనకు తోడయ్యారు. 2020లో రామకృష్ణన్‌కు పద్మశ్రీ వచ్చింది. నాకు మాత్రం ఆ పురస్కారం కన్నా వాళ్ల పని పద్ధతే గొప్పగా కనిపిస్తుంది. స్థానికులకు శిక్షణ ఇచ్చి ఊళ్లలోకి పంపుతారు. వాళ్లు పసిపిల్లల ఇంటికే వెళ్లి వ్యాయామాలు చేయిస్తారు, నిపుణులు ఫోన్ యాప్ ద్వారా వెనక నుంచి నడిపిస్తారు. బిడ్డ ఎదుగుదలతోపాటు తల్లి మీద పడుతున్న ఒత్తిడినీ కొలుస్తారు. తల్లి అలసట కూడా రాసుకోదగ్గ విషయమేనని ఒకరికి తోచింది చూశారా, అక్కడ పుడుతుంది ధైర్యం.

తెలుగు ఇళ్లకు ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మాట ఆలస్యమైన పిల్లల విషయంలో 'ఇంట్లో తెలుగు మానేయండి' అని తేలిగ్గా సలహా ఇచ్చేవాళ్లుంటారు. రెండు భాషలు వింటే మాట వెనకబడుతుందనడానికి ఆధారాల్లేవు. ఆటిజం, డౌన్ సిండ్రోమ్ పిల్లల మీద జరిగిన పరిశోధనలూ ఆ భయాన్ని బలపరచలేదు. అవ్వ జోలపాట ఆపించాల్సిన పని లేదు.

డబ్బు సంగతికొస్తే, తమిళనాడులో తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లకు నెలకు 2,000 రూపాయల భృతి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వికలాంగుల పింఛను 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000. తెలంగాణలో 4,016. సంక్షేమానికి పేరుమోసిన తమిళనాడు ఈ ఒక్కచోట ఎందుకింత పిసినారితనం చూపుతోందో తెలియదు. పూర్తి సమయం కనిపెట్టుకుని ఉండాల్సిన మనిషి కూలికి ఆ రెండు వేలు ఏ మూలకు?

అన్నిటికన్నా పెద్ద దిగులు 'నా తర్వాత వీణ్ని ఎవరు చూస్తారు' అన్నది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఉంది. పద్దెనిమిదేళ్లు నిండాక తల్లిదండ్రుల సంరక్షక హక్కు చట్టప్రకారం దానంతటదే కొనసాగదు. కలెక్టర్ ఆధ్వర్యంలోని స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. అదే ట్రస్టు నడిపే నిరామయ బీమా లక్ష రూపాయల వరకూ వైద్య ఖర్చు భరిస్తుంది. కోవిల్‌పట్టివాళ్లకు జిల్లా కేంద్రం తూత్తుకుడి, విరుదునగర్‌వాళ్లకు సొంత ఊరే. అర్జీ పెట్టాల్సింది అక్కడ.

మీ చుట్టాల్లో అలాంటి ఇల్లుంటే ఈ ఆదివారం వెళ్లండి. సలహాలూ మొక్కుబడులూ చెప్పకండి. బిడ్డకు ఎలా తినిపించాలో, ఎలా ఎత్తుకోవాలో అడిగి నేర్చుకోండి. ఆపైన మూడు గంటలు మీరు చూసుకుని, ఆ తల్లిని నిద్రపోనివ్వండి.