గేటు దాటాక ఆక్సిజన్ ఎవరి లెక్క?

పాశమైలారంలోని సిగాచీ ఇండస్ట్రీస్‌లో 2025 జూన్ 30న జరిగిన పేలుడు 54 మందిని బలి తీసుకుంది. యాజమాన్యం నిర్లక్ష్యం మీద, తనిఖీల డొల్లతనం మీద చర్చ జరిగింది. జరగాల్సిందే. కానీ పటాన్‌చెరు, బొల్లారం, జిన్నారం వైపు ఏ ప్రమాదం జరిగినా దానికి రెండో అంకం ఒకటుంటుంది. దగ్గర్లోని ఆసుపత్రిలో చేర్చిన మనిషిని అక్కణ్నుంచి పెద్దాసుపత్రికి తరలించడం. చర్చ అక్కడిదాకా వెళ్లదు.

పొగ పీల్చినవాడు మొదట్లో బాగానే మాట్లాడతాడు. కాసేపటికి గొంతు లోపల వాచి ఊపిరాడదు. క్లోరిన్, బ్రోమిన్ లాంటివి పీల్చినవారికి కొన్ని గంటలు గడిచాక ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. ‘సాచురేషన్ పడిపోతోంది, గాంధీకో నిమ్స్‌కో తీసుకెళ్లండి’ అనే మాట సరిగ్గా అప్పుడే వినిపిస్తుంది. నిజానికి అలాంటి రోగికి ముందు గొంతులో గొట్టం వేసి, శ్వాస నిలబెట్టి, ఆ తర్వాతే బండి ఎక్కించాలి. బండిలో కుదుపుల మధ్య ఆ పని చేయడం చేయి తిరిగిన డాక్టరుకే కష్టం. డాక్టరే లేని బండి సంగతి చెప్పేదేముంది!

ఇక ఆక్సిజన్. అంబులెన్సుల్లో తరచూ కనిపించే బి-టైప్ సిలిండర్‌లో సుమారు 10 లీటర్ల నీరు పడుతుంది. నిండా నింపితే ప్రెషర్ మీటరు దాదాపు 150 చూపిస్తుంది. ఈ రెండింటినీ హెచ్చవేస్తే 1,500 లీటర్ల ఆక్సిజన్. సంచీ ఉన్న మాస్కుతో నిమిషానికి 15 లీటర్ల చొప్పున ఇస్తే 100 నిమిషాలు వస్తుంది. అదే మీటరు ముల్లు 50 దగ్గర ఉంటే? అరగంట గడిచేసరికి అడుగంటుతుంది. వార్డులో నిమిషానికి 60 లీటర్ల హై ఫ్లో మీద ఉన్న రోగికైతే నిండు సిలిండర్ కూడా 25 నిమిషాలే. సంగారెడ్డి నుంచి గాంధీ ఆసుపత్రికి దాదాపు 60 కిలోమీటర్లు. ముంబై హైవే మీద లింగంపల్లి, మియాపూర్, కూకట్‌పల్లి దాటడానికి ఎంతసేపు పడుతుందో ఆ దారిన రోజూ డ్యూటీకి వెళ్లేవాళ్లను అడగండి. అందుకే ప్రయాణానికి పట్టే సమయానికి రెట్టింపు ఆక్సిజన్ పెట్టుకోవాలంటారు. గమ్యం చేరాక కూడా క్యాజువాలిటీ ముందు స్ట్రెచర్ ఖాళీ అయ్యేదాకా రోగి బతికేది బండిలోని సిలిండర్ మీదే.

‘బండిలో ఆక్సిజన్ ఉందా?’ అని బంధువులు అడుగుతారు. ‘ఉంది’ అంటాడు డ్రైవర్. అబద్ధం కాదు, ఉంటుంది. ఎన్ని నిమిషాలకు ఉందన్నది మాత్రం ఎవరూ అడగరు. రెండో సిలిండర్ ఉండి, రెగ్యులేటర్ మార్చే స్పానర్ లేకపోతే అది ఉన్నా లేనట్టే.

2021 మేలో ఆంధ్రప్రదేశ్ నుంచి వస్తున్న కొవిడ్ రోగుల అంబులెన్సులను సరిహద్దుల్లో తెలంగాణ పోలీసులు ఆపేశారు. ప్రభుత్వ సర్క్యులర్‌పై మే 14న హైకోర్టు స్టే ఇచ్చింది. బండి ఆగినా సిలిండర్ ఖాళీ అవుతూనే ఉంటుందని అప్పుడైనా పాలకులకు తెలిసి ఉండాలి. ఆ ఏడాదే పీఎం కేర్స్ నిధులతో దేశమంతటా 1,200కు పైగా పీఎస్ఏ ఆక్సిజన్ ప్లాంట్లు మంజూరయ్యాయి. మంచిదే. అయితే ఆ ప్లాంటు నుంచి తక్కువ ప్రెషర్‌తో వచ్చే ఆక్సిజన్ పైపుల ద్వారా మంచాల దాకా వెళ్తుంది. దాన్ని సిలిండర్‌లోకి ఎక్కించాలంటే హై ప్రెషర్ కంప్రెసర్ వేరుగా ఉండాలి. అది లేనిచోట ఆవరణలోనే ప్లాంటు ఉన్నా అంబులెన్స్ సిలిండర్ కోసం బయటి ఫిల్లింగ్ స్టేషన్‌కు పరుగెత్తాల్సిందే.

చట్టాలకు, నిబంధనలకు కొరత లేదు. ఏఐఎస్-125 ప్రమాణం అంబులెన్సులను ఎ, బి, సి, డి రకాలుగా విడగొట్టింది. ఊపిరాడని రోగిని తీసుకెళ్లాల్సింది అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్ ఉన్న డి రకం బండిలో. పశ్చిమబంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో 1996లోనే సుప్రీంకోర్టు, ఏ ఆసుపత్రిలో పడక ఖాళీగా ఉందో తెలిసే కేంద్రీకృత సమాచార వ్యవస్థ ఉండాలని, అంబులెన్సుల్లో తగిన పరికరాలు, సిబ్బంది ఉండాలని చెప్పింది. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత కూడా ‘అక్కడ బెడ్ ఉందా?’ అని రోగి తమ్ముడు తన ఫోన్లోంచి కనుక్కుంటున్నాడంటే తప్పు ఆ తమ్ముడిది కాదు.

పంపే ఆసుపత్రి బాధ్యత గేటు దగ్గర ముగుస్తోంది. చేర్చుకునే ఆసుపత్రి బాధ్యత పడక దగ్గర మొదలవుతోంది. నడుమ ఉన్న గంటన్నర ఎవరి పద్దులోనూ లేదు. నా దృష్టిలో అది పంపే ఆసుపత్రి పద్దే. అవతలి డాక్టర్ సంతకం పెట్టి చేర్చుకునేదాకా రోగి పంపినవారి రోగే అని ప్రభుత్వం ఒక్క ఉత్తర్వు ఇస్తే, రెఫరల్ చీటీ మీద మీటరు రీడింగు, నిమిషానికి ఎన్ని లీటర్లు, ఎన్ని నిమిషాలకు సరిపోతుంది అన్న మూడు అంకెలు వాటంతటవే కనబడతాయి. డ్యూటీ డాక్టరుకు తీరిక ఉండదనే వాదన ఉంది. ఇది ఒక గుణకారం, ఒక భాగహారం. నర్సు చేయగలదు, అంబులెన్స్ టెక్నీషియన్ కూడా చేయగలడు. చిన్న ప్రైవేటు ఆసుపత్రులు దీనికి భయపడి రోగిని అసలు చేర్చుకోవడమే మానేస్తాయన్న అనుమానం మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. అందుకే ఉత్తర్వుతోపాటు పటాన్‌చెరులో, సంగారెడ్డిలో ఈ తరలింపులకే కేటాయించిన డి రకం బండ్లు ప్రభుత్వ ఖర్చుతో ఉండాలి.

ప్రమాదకర రసాయనాల మీద 1989లో వచ్చిన నిబంధనల ప్రకారం, పెద్ద ప్రమాదాల ముప్పున్న పరిశ్రమల చుట్టూ అమలు చేసే అత్యవసర ప్రణాళికకు జిల్లా యంత్రాంగం ఏడాదికొకసారైనా మాక్ డ్రిల్ చేయాలి. సైరన్ మోగించి, స్ట్రెచర్‌పై ఒకరిని పడుకోబెట్టి, ఫొటోలు తీసి ముగించే తంతుగా దాన్ని మార్చకుండా ఈసారి ఇంకొంచెం ముందుకు వెళ్లనివ్వండి. సిలిండర్ తెరిచి, ఉదయం తొమ్మిదింటికి పటాన్‌చెరులో బండి కదలాలి. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో రోగిని దించేసరికి ముల్లు ఎక్కడుందో కలెక్టరు స్వయంగా చూసి రాసుకోవాలి.